సమాజం ఒప్పుకోని హక్కును చట్టం గుర్తించవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము కొందరం మిత్రులం కలిసి రాజ్యాంగాన్ని అధికరణాల వారీగా చదువుకుంటున్నాం. ప్రాథమిక హక్కుల భాగానికి వచ్చేసరికి మా మధ్య ఒక వాదన మొదలైంది, అది ఇంకా తెగలేదు. భావప్రకటన స్వేచ్ఛకు 19వ అధికరణంలో, మతస్వేచ్ఛకు 25వ అధికరణంలో పెట్టిన పరిమితులలో నైతికత కూడా ఒకటి. అంటే నైతికత పేరు మీద కొన్ని హక్కులను కుదించే వీలును రాజ్యాంగమే కల్పించింది. అయితే ఆ నైతికత ఎవరిది, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్నది మాత్రం అక్కడ రాసి లేదు.

మాలో కొందరు, చట్టం ప్రజల నీతి నుంచే పుట్టాలని, అధిక సంఖ్యాకులు తప్పుగా భావించే పనిని న్యాయస్థానం హక్కుగా ప్రకటిస్తే ఆ చట్టానికి గౌరవం మిగలదని అంటున్నారు. మిగిలినవాళ్లం, పదిమంది ఒప్పుకుంటేనే దక్కేది హక్కు కాదని, అది పదిమంది దయ మాత్రమేనని అంటున్నాం. నేను ఈ రెండో పక్షంలో ఉన్నాను. అయినా మొదటి పక్షంవాళ్లు అడిగిన ఒక ప్రశ్నకు నా దగ్గర గట్టి సమాధానం లేదు. ప్రజలు ఎన్నుకోని న్యాయమూర్తులకు, ప్రజల నైతికతను పక్కన పెట్టే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? ఒకవేళ వచ్చిందనుకున్నా, సమాజం మనసులో ఒప్పుకోని హక్కు కాగితం మీద ఉండి ఎవరికి మేలు చేస్తుంది?

న్యాయశాస్త్రం చదివినవారు, హక్కుల కోసం క్షేత్రస్థాయిలో పనిచేసినవారు తమ అనుభవం నుంచి వివరిస్తే మా చర్చ ముందుకు సాగుతుంది.

మొదటి జవాబు

నేను న్యాయ కళాశాలలో రాజ్యాంగ చట్టం బోధిస్తాను. మీ మిత్రులు అడిగింది చిన్న ప్రశ్న కాదు, ఇప్పటికీ న్యాయమూర్తుల మధ్య అభిప్రాయభేదం ఉన్న ప్రశ్న అది.

ఒక సమాజం అలవాటుగా మెచ్చుకునే పనులు, అసహ్యించుకునే పనులు కొన్ని ఉంటాయి. ఆ మెప్పును, ఆ అసహ్యాన్ని కూడా నిలదీసి, దీనికి కారణం ఏమిటి, దీనివల్ల ఎవరికి హాని జరుగుతోంది అని అడిగే విచక్షణ కూడా సమాజంలోనే ఉంటుంది. హక్కుల చర్చలో నైతికత అని ఒకరు మొదటిదాన్ని, మరొకరు రెండోదాన్ని ఉద్దేశించి మాట్లాడుతుంటారు. ఇంగ్లండులో ఈ తేడా 1957లో బాగా స్పష్టపడింది. పరస్పర అంగీకారంతో వయోజనులైన పురుషుల మధ్య ఏకాంతంలో జరిగే సంబంధాన్ని నేరంగా పరిగణించకూడదని ఆ ఏడాది వుల్ఫెండెన్ కమిటీ సిఫారసు చేసింది. ఉమ్మడి నైతిక విశ్వాసాలే సమాజాన్ని కలిపి ఉంచుతాయి కాబట్టి వాటిని శిక్షలతోనైనా కాపాడుకునే అధికారం సమాజానికి ఉందని న్యాయమూర్తి పాట్రిక్ డెవ్లిన్ 1959లో వాదించారు. ఒక విశ్వాసం ఎక్కువమందిలో బలంగా ఉన్నంత మాత్రాన దాన్ని శిక్షతో అమలు చేయడం న్యాయం కాబోదని, నైతికత కాలంతో పాటు మారినా సమాజం కూలిపోలేదని న్యాయతత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ సమాధానమిచ్చారు. 1967లో ఇంగ్లండు, వేల్స్ ఆ చట్టాన్ని మార్చుకున్నాయి.

మన దేశంలో అదే వలస పాలకులు 1860లో భారత శిక్షాస్మృతిలో రాసిపెట్టిన, అలాంటి సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్ మాత్రం మిగిలిపోయింది. ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న దాని పరిధిని కుదించి, వయోజనుల పరస్పర అంగీకారం నేరం కాదన్నది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఆ రద్దులో నన్ను ఎక్కువగా బాధించిన అంశం ఏమిటంటే, ఈ సెక్షన్ వల్ల ఇబ్బంది పడేవారు జనాభాలో అతి కొద్దిమంది అన్న సంగతిని కూడా ధర్మాసనం ఒక కారణంగా చూపింది. హక్కు అవసరమయ్యేదే కొద్దిమందికి! ఎక్కువమందికి తమ మాట నెగ్గించుకోవడానికి ఓటు ఉంది, సంప్రదాయం ఉంది, బలం ఉంది. గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఈ సంఖ్యల తర్కాన్ని తప్పుపట్టింది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వయోజనుల అంగీకార సంబంధాలను 377వ సెక్షన్ పరిధి నుంచి తప్పించారు. సమాజపు నైతికతకు, రాజ్యాంగ నైతికతకు, అంటే రాజ్యాంగం నిలబెట్టే విలువలకు, పొంతన కుదరనప్పుడు న్యాయస్థానం రాజ్యాంగ నైతికత పక్షాన నిలబడాలని ఆ తీర్పు చెప్పింది.

ఇక అధికారం సంగతి. న్యాయమూర్తులు దాన్ని తమంతట తాము తెచ్చుకోలేదు. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం ఆ మేరకు చెల్లదని 13వ అధికరణం చెబుతుంది. ఆ హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే దారిని 32వ అధికరణం, హైకోర్టుకు వెళ్లే దారిని 226వ అధికరణం తెరిచి ఉంచాయి. రేపు మేమే ఆవేశంలోనో, అలవాటులోనో ఒకరి హక్కును తొక్కేయబోతే మమ్మల్ని ఆపండి అని ప్రజలే తమ రాజ్యాంగసభ ద్వారా ముందుగా ఇచ్చిన ఆదేశం అది. ఆదేశం ఇచ్చినవారికి కోపం వచ్చిందని ఆపడం మానేయలేం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నీతిని పూర్తిగా వదిలేసి చట్టంలోని అక్షరాన్నే పట్టుకుంటే ఏమవుతుందో మనం 1976 ఏప్రిల్ 28న చూశాం. ఎమర్జెన్సీలో విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్నవారు హెబియస్ కార్పస్ (తమ నిర్బంధం చట్టబద్ధమో కాదో న్యాయస్థానం తేల్చాలనే వినతి) కోరవచ్చా అన్న ప్రశ్నకు, జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణం అమలును రాష్ట్రపతి ఉత్తర్వు నిలిపివేసింది కాబట్టి కోరలేరని సుప్రీంకోర్టు నలుగురి మెజారిటీతో తీర్పు ఇచ్చింది. జీవించే స్వేచ్ఛ రాజ్యాంగం దయతో పెట్టిన కానుక కాదని, చట్టబద్ధ పాలన ఉన్న ఏ సమాజంలోనైనా ప్రభుత్వం చట్టం అనుమతి లేకుండా మనిషి ప్రాణం తీయలేదని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే భిన్నాభిప్రాయం రాశారు. మరుసటి ఏడాది ఆయన్ను కాదని ఆయన కన్నా జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిగా నియమించారు, ఆయన రాజీనామా చేశారు. ఎమర్జెన్సీలో సైతం 20, 21 అధికరణాలను నిలిపివేయకుండా 1978లో 44వ సవరణ వచ్చింది. ఆ పాత తీర్పును 2017లో గోప్యత కేసులోనే కొట్టివేశారు. నలుగురు న్యాయమూర్తులు ఉత్తర్వును అక్షరం తప్పకుండా చదివారు, కానీ అది ఎవరి మీద అమలవుతున్నదో చూడలేకపోయారు.

రెండో జవాబు

అధ్యాపకుల వారి జవాబులో చాలా భాగంతో నాకు పేచీ లేదు. నేను హైకోర్టులో రిట్ పిటిషన్లు వాదించే న్యాయవాదిని. న్యాయస్థానానికి అధికారం ఉందా అన్న దానికన్నా, ఆ అధికారాన్ని ఏ కొలమానంతో వాడుతున్నారన్నదే నన్ను కలవరపెడుతుంది.

రాజ్యాంగ నైతికత అన్న భావనను 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ ప్రస్తావించిన సందర్భాన్ని ఒకసారి చూడండి. పరిపాలన వివరాలను కూడా రాజ్యాంగంలోనే ఎందుకు రాశారన్న విమర్శకు ఆయన అక్కడ బదులిస్తున్నారు. గ్రీకు చరిత్ర రాసిన జార్జ్ గ్రోట్ మాటలను ఉటంకిస్తూ, రాజ్యాంగం పెట్టిన పద్ధతుల పట్ల పాలకులకు, పౌరులకు ఉండవలసిన గౌరవం సహజంగా రాదని, దాన్ని అలవరచుకోవాలని, మన ప్రజలు ఇంకా నేర్చుకోవలసే ఉందని చెప్పారు. అంటే ఆయన ఆ రోజు మాట్లాడింది ప్రధానంగా పద్ధతి గురించి, సంయమనం గురించి. ఇప్పుడు తీర్పులలో అదే భావన ఒక సంప్రదాయాన్ని కొలిచి కొట్టివేసే సాధనంగా మారింది. దాని హద్దులు ఎక్కడో ఏ తీర్పూ స్పష్టంగా చెప్పలేదు. ఈ రోజు ఉదారమైన న్యాయమూర్తి చేతిలో ఉన్న సాధనం రేపు సంకుచితమైన న్యాయమూర్తి చేతికి వస్తే మీరూ నేనూ దాన్ని ఎలా ఆపగలం?

శబరిమల కేసునే తీసుకోండి. అన్ని వయసుల స్త్రీలకూ ప్రవేశం ఉండాలని 2018 సెప్టెంబరు 28న నలుగురు న్యాయమూర్తులు అన్నారు. హేతుబద్ధత అనే గీటురాయితో మతాచారాన్ని కొలవడం న్యాయస్థానం పని కాదని, బహుళ విశ్వాసాలున్న దేశంలో ప్రతి సమూహానికీ తన విశ్వాసాన్ని పాటించే వీలు ఇవ్వడం కూడా రాజ్యాంగ నైతికతలో భాగమేనని జస్టిస్ ఇందు మల్హోత్రా భిన్నాభిప్రాయం రాశారు. ఒకే భావన ఒకే కేసులో రెండు వ్యతిరేక ముగింపులకు దారి చూపింది. 2019 నవంబరులో ఆ కేసుతో ముడిపడిన ప్రశ్నలను విస్తృత ధర్మాసనానికి నివేదించారు. నేను ఆచారాన్ని సమర్థించడానికి ఇది చెప్పడం లేదు. స్పష్టంగా నిర్వచించని ప్రమాణం మీద పెద్ద హక్కులను నిలబెట్టకూడదని చెబుతున్నాను.

చట్టసభలను మనం మరీ తక్కువగా చూస్తున్నామేమో కూడా ఆలోచించాలి. హిందూ స్త్రీకి విడాకుల హక్కు 1955లో, వారసత్వ హక్కు 1956లో వచ్చింది పార్లమెంటు చట్టాల ద్వారానే. అప్పటి అధిక సంఖ్యాకుల అభిప్రాయం ఆ చట్టాలకు అనుకూలంగా ఏమీ లేదు. హిందూ కోడ్ బిల్లు ఆగిపోయిందన్న ఆవేదనతోనే అంబేడ్కర్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. అయినా నాయకులు ప్రజల మధ్యకు వెళ్లి, వాదించి, ఎన్నికలలో నిలబడి, ఆ తరువాత దాన్ని చట్టాలుగా తెచ్చారు. సమాచార హక్కు 2005లో, అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చిన దారి కూడా అదే. అలా వచ్చిన హక్కుకు వేళ్లు లోతుగా దిగుతాయి.

నా దృష్టిలో గీత ఇక్కడ గీయాలి. ప్రభుత్వం ఒక మనిషిని శిక్షిస్తున్నా, బహిష్కరిస్తున్నా, నిర్బంధిస్తున్నా న్యాయస్థానం ఎవరి మనోభావాల కోసమూ ఆగకూడదు. కానీ కొత్త సంస్థను, కొత్త చట్టబద్ధ సంబంధాన్ని, దానితో వచ్చే వారసత్వం, దత్తత, భరణం వంటి నిబంధనల పరంపరను నిర్మించవలసి వచ్చినప్పుడు ఆ పని చట్టసభది. స్వలింగ వివాహాల కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు సరిగ్గా అక్కడే ఆగింది. ఆ ఆగడం చాలామందికి నిరాశ కలిగించిందని నాకు తెలుసు. ఆ పిటిషనర్ల పట్ల నాకు పూర్తి సానుభూతి ఉంది.

మూడో జవాబు

నేను న్యాయశాస్త్రం చదవలేదు. గ్రామాలలో స్త్రీల భూమి హక్కుల మీద చాలా కాలంగా పనిచేస్తున్నాను. న్యాయవాది గారు చట్టసభ ఇచ్చిన హక్కుకు వేళ్లు లోతుగా దిగుతాయన్నారు. నేను చూసినదాన్ని బట్టి ఆ మాటను అంత తేలికగా ఒప్పుకోలేను.

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించిన సవరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. దేశమంతటికీ అలాంటి సవరణ 2005 సెప్టెంబరు 9 నాటికి గాని రాలేదు. అంటే తెలుగు ఆడపిల్లకు ఈ హక్కు ఇరవై ఏళ్లు ముందే చేతికి వచ్చింది. కానీ ఆ చట్టంలోనే ఒక మెలిక ఉంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదు. పెళ్లయిన పిల్ల పరాయి ఇంటిది అన్న నమ్మకాన్ని సరిదిద్దడానికి వచ్చిన చట్టం, ఆ నమ్మకానికే తలవంచి లోపలికి అడుగుపెట్టింది. 2005 సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న సందేహాన్ని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చింది, తండ్రి బతికి ఉండనవసరం లేదంది.

ఇప్పుడు ఊళ్లోకి రండి. తండ్రి పోయాక భూమి పేరు మార్చుకోవడానికి కుటుంబ సభ్యుల వివరాలు రాసి ఇచ్చేటప్పుడు చాలా ఇళ్లలో కూతుళ్ల పేర్లే రాయరు. రాసిన చోట, కూతురిని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి తీసుకెళ్లి హక్కు వదులుకుంటున్నట్టు దస్తావేజు మీద సంతకం చేయిస్తారు. ఎవరూ చేయి పట్టుకుని బలవంతం చేయరు. "నీకు కట్నం ఇచ్చాం కదమ్మా" అంటారు. "రేపు నీకు కష్టమొస్తే పుట్టింటి గడప ఒకటుండాలి కదా" అంటారు. "అన్నదమ్ముల మీద కోర్టుకెళ్లిన ఆడపిల్లను ఎవరైనా మంచిదంటారా" అంటారు. ఇవన్నీ నీతి మాటలే. చెప్పేవాళ్లు కూడా తాము నీతే చెబుతున్నామని మనసారా నమ్ముతారు. వినే ఆడపిల్ల కూడా నమ్ముతుంది. ఆమె సంతకం పెడుతుంది. ఆ కాగితంలో ఆమె తన ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు రాసి ఉంటుంది.

కట్నం గురించి ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ 1961 నుంచి నేరం. చట్టం నేరమన్న చెల్లింపును చూపించి, చట్టం ఇచ్చిన వాటాను రద్దు చేస్తున్నారు. ఆ కట్నం డబ్బు ఆమె చేతికి రాదు, అత్తింటికి పోతుంది. భూమి ఆమె పేరున ఉండదు, పుట్టింటిలో ఉండిపోతుంది. రెండిళ్ల మర్యాదా నిలబడింది, ఆమెకు మాత్రం ఏదీ దక్కలేదు.

అందుకే ఒక ఇంట్లోనో, ఊళ్లోనో ఎవరైనా ఇది మన నీతి, మన పద్ధతి అన్నప్పుడు నేను ఒకే ఒక ప్రశ్న వేస్తాను. ఈ నీతిని నిలబెట్టడానికి నష్టపోతున్నది ఎవరు? అందరూ కొంత కొంత వదులుకుంటుంటే అది కలిసి బతకడానికి పెట్టుకున్న కట్టుబాటు. ప్రతిసారీ వదులుకోవలసింది ఒక్కరే అయితే, ఆ ఒక్కరూ తమకు తాముగా ఈ నియమం పెట్టుకోకపోతే, దాన్ని నీతి అని నేను ఒప్పుకోను. అన్నదమ్ముల ప్రేమ నిలవాలంటే అక్కచెల్లెళ్లే భూమి వదులుకోవాలని ఎవరు నిర్ణయించారు? ప్రేమ కోసం అన్నయ్య వదులుకున్న ఇల్లు నేను పనిచేసిన ఊళ్లలో దాదాపు చూడలేదు.

చట్టం పనికిరాదని మాత్రం నేను అనను. వితంతువుల పునర్వివాహం చెల్లుతుందని చట్టం 1856లోనే వచ్చింది. తెలుగునాట కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు ఆ చట్టం ఎవరి ఇంటి తలుపూ తట్టలేదు. కానీ ఆయన నడుం కట్టిన రోజున, వెలివేసినవాళ్లు ఎన్ని మాటలన్నా ఆ పెళ్లి చెల్లదని అనలేకపోయారు. పుట్టిన బిడ్డకు వారసత్వం లేదని అనలేకపోయారు. చట్టం అప్పటికే అక్కడ ఉంది కాబట్టి. కాకినాడలో పైడా రామకృష్ణయ్య గారి వంటివారు ధనసహాయం చేశారు, కొందరు పురోహితులు, వంటవాళ్లు, స్నేహితులు వెలిని భరించారు. ఆ మనుషులు లేకపోతే చట్టం ఇంకో పాతికేళ్లు అలాగే పడి ఉండేది.

ఇలాంటి అనుభవం గురించే అంబేడ్కర్ 1943లో పుణేలో చేసిన ప్రసంగంలో చెప్పారు. హక్కులను కాపాడేది చట్టం కాదని, సమాజపు నైతిక అంతరాత్మ అని, సమాజమే ఎదురు తిరిగితే ఏ చట్టమూ ఏ పార్లమెంటూ ఏ న్యాయస్థానమూ హక్కుకు నిజమైన హామీ ఇవ్వలేవని అన్నారు. ఆ మాట అన్న మనిషే ఏడేళ్లలో దేశానికి హక్కుల పత్రం రాసి పెట్టడానికి పూనుకున్నారు. రెండూ చేయాలని ఆయనకు తెలుసు. అస్పృశ్యతను 17వ అధికరణం రద్దు చేసింది, 1955లో చట్టం వచ్చింది, 1989లో అంతకన్నా కఠినమైన చట్టం తేవలసి వచ్చింది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేశారు. ఒకే అన్యాయం మీద చట్టం మళ్లీ మళ్లీ రాయవలసి వస్తోందంటే, మనుషుల మనసులలో జరగవలసిన పని ఎంత మిగిలిపోయిందో అర్థం చేసుకోవచ్చు.

నాలుగో జవాబు

నేను ఐసీయూలో పనిచేసే వైద్యుడిని. నష్టపోతున్నది ఎవరు అన్న ప్రశ్న నా వృత్తిలో ఎలా ఎదురవుతుందో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ బలవంతుడు, బలహీనుడు అన్న విభజన అంత తేటగా ఉండదు.

2004లో హైదరాబాదులో కండరాల క్షీణత వ్యాధితో వెంటిలేటర్ మీద ఉన్న 25 ఏళ్ల యువకుడు, తన అవయవాలు పాడుకాకముందే దానం చేసే వీలు కల్పించమని కోరాడు. అతని తల్లి అదే కోరుతూ హైకోర్టును ఆశ్రయించింది. బ్రెయిన్ డెత్ నిర్ధారణ కాకుండా అలా అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి న్యాయస్థానం నిరాకరించింది. ఆ నిర్ణయం సరైనదనే నేను ఇప్పటికీ అనుకుంటాను. మరణించడానికి ముందే దానం అన్న తలుపు ఒకసారి తెరిస్తే, నోరులేని రోగుల మీద ఎలాంటి ఒత్తిడి వస్తుందో ఊహించగలను. కానీ అతను అడిగినదాంట్లో ఇంకో కోరిక కూడా ఉంది. నా శరీరం గురించి, నా చివరి రోజుల గురించి నన్ను నిర్ణయించుకోనివ్వండి అన్నది. ఆ కోరికకు అప్పటి చట్టం దగ్గర సమాధానమే లేదు.

గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమని, కోలుకునే ఆశ లేని స్థితిలో కృత్రిమ చికిత్స వద్దని మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ప్రకటించింది. హక్కు వచ్చింది గాని, దాని కోసం పెట్టిన పద్ధతి ఎంత కఠినంగా ఉందంటే వాడుకోవడం దాదాపు అసాధ్యమైంది. ఆ పత్రం మీద మేజిస్ట్రేట్ సంతకం కావాలి, ఆసుపత్రి బోర్డు తరువాత కలెక్టర్ మరో బోర్డు వేయాలి, అందులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న వైద్యులు ఉండాలి. 2023 జనవరిలో ఆ నిబంధనలను సడలించారు. ఇప్పుడు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు, ఐదేళ్ల అనుభవం ఉన్న నిపుణులు బోర్డులో ఉండవచ్చు, వీలైనంత వరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి.

అయినా నేను చూసే కుటుంబాలలో ఎక్కువమందికి ఈ పత్రం గురించి తెలియదు. తెలిసినవారు కూడా తల్లి ముందు ఆ మాట ఎత్తడం పాపమనుకుంటారు. చివరి వరకు ప్రయత్నించామని నలుగురికీ చెప్పుకోగలగడం పిల్లల ధర్మంగా మారింది. ఆ ధర్మాన్ని నేను చులకన చేయను, అందులో నిజమైన ప్రేమ ఉంది. కానీ గొంతులో గొట్టంతో ఉన్న మనిషి ఏం కోరుకునేదో ఎవరూ అడిగి ఉండరు. మాలో చాలామంది వైద్యులు కూడా ఏం రాస్తే ఏ కేసు వస్తుందోనని భయపడి మౌనంగా చికిత్స కొనసాగిస్తారు. కూతురి సంతకం గురించి పైన రాసిన సోదరి మాటలు చదువుతుంటే నాకు ఈ పడకలు గుర్తొచ్చాయి. అక్కడా అందరూ మంచివాళ్లే, అందరూ ప్రేమతోనే మాట్లాడతారు. హక్కు ఎవరిదో ఆ మనిషి మాట మాత్రం వినపడదు. స్పష్టమైన పద్ధతి చట్టం నుంచి వస్తే అది కుటుంబాల నోట ఆ మాట పలికించడానికి ఒక సాకుగానైనా పనికొస్తుంది. రోగి ఆసుపత్రిలో చేరే సమయంలోనే నేను ఆ పత్రం గురించి అడగడం అలవాటు చేసుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. న్యాయవాది గారు లేవనెత్తిన కొలమానం ప్రశ్న నన్ను వదలడం లేదు. న్యాయమూర్తులు వాడవలసిన కొలమానం, మూడో జవాబులోని సోదరి అడిగిన ప్రశ్నే కావచ్చా అన్నది అధ్యాపకుల వారు చెప్పగలరా?

అయిదో జవాబు (మొదటి జవాబు రాసినవారు)

చాలా మేరకు కావచ్చు. న్యాయవాది గారు 1948 నాటి సందర్భాన్ని ఖచ్చితంగా చెప్పారు. దానికి ఒకటి కలుపుతాను. అదే ప్రసంగంలో అంబేడ్కర్, ఈ దేశపు నేల స్వభావరీత్యా ప్రజాస్వామికం కాదని, ప్రజాస్వామ్యం దాని మీద వేసిన పైపూత మాత్రమేనని కూడా అన్నారు. పద్ధతుల పట్ల గౌరవం కావాలని ఆయన అడిగింది ఆ నేల మీద ఉన్న అసమానతను చూసే. అందువల్ల పద్ధతిని, సమానత్వాన్ని వేరు చేసి ఆయన మాటలను చదవలేం.

కొలమానం విషయానికి వస్తే, ఒక నియమాన్ని నైతికత పేరుతో సమర్థించేవారు దాని వల్ల నష్టపోయే మనిషికి ఎదురుగా నిలబడి, ఆ మనిషి కూడా తూకం వేయగలిగిన కారణం చెప్పగలగాలి. అలవాటు, అసహ్యం, మేం ఎక్కువమందిమి అన్న మాట, ఈ మూడూ అలాంటి కారణాలు కావు. నిజాం కాలంలో ఫసలీ 1329లో, అంటే 1919లో, వచ్చిన ఒక చట్టం హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులో నమోదు చేయించేది, స్త్రీ వేషంలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చేది. అది వందేళ్లకు పైగా చట్ట పుస్తకంలోనే ఉంది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఒక సమూహానికి చెందడాన్నే అనుమానించదగిన నేరంగా చూసిన ఆ చట్టాన్ని, ఆ సమూహంలోని ఏ ఒక్క మనిషికైనా వివరించి ఒప్పించగల కారణం ఎవరి దగ్గరా లేదు. ఇక్కడ కొలమానం తేటగా పనిచేస్తుంది.

శబరిమల వంటి చోట అంత తేటగా పనిచేయదు, నేను ఒప్పుకుంటాను. అక్కడ విశ్వాసం ఉన్న స్త్రీలలోనే రెండు పక్షాలున్నాయి, నష్టపోతున్నది ఎవరన్న ప్రశ్నకే రెండు సమాధానాలు వస్తాయి. అలాంటి కేసుల్లో న్యాయస్థానం నెమ్మదిగా, విస్తృత ధర్మాసనంతో, ఇరుపక్షాల స్త్రీలనూ విని తేల్చడం మంచిది. వివాహ హక్కు విషయంలో మాత్రం న్యాయవాది గారి గీతతో నేను ఏకీభవించను. చట్టసభ ఇప్పటికే నిర్మించి, కొందరికి ఇచ్చి, మరికొందరికి మూసి ఉంచిన సంస్థ అది. దాన్ని కొత్తగా నిర్మించమని ఎవరూ అడగలేదు, ఆ మూసివేతకు కారణం చెప్పమని అడిగారు. ఆ కారణం తీర్పులో నాకు కనిపించలేదు.

మీ బృందం వచ్చేసారి కూర్చున్నప్పుడు 1948 నవంబరు 29 నాటి రాజ్యాంగసభ చర్చను చదవమని సూచిస్తాను. అస్పృశ్యత రద్దును సభ ఆమోదించింది ఆ రోజే. దానితో పాటు జస్టిస్ ఖన్నా భిన్నాభిప్రాయాన్ని, జస్టిస్ ఇందు మల్హోత్రా భిన్నాభిప్రాయాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటి పక్షంలో ఉన్న మీ మిత్రులకు ఖన్నా గారి తీర్పును, రెండో పక్షంలో ఉన్న మీకు మల్హోత్రా గారి తీర్పును వివరించే బాధ్యత అప్పగించండి.